ముంజేతి ధమనిని ఎండోస్కోపుతో తీయడం ఎలా: బైపాస్ సర్జరీకి రేడియల్ ఆర్టరీ

గుండె బైపాస్‌లో మొదటి గ్రాఫ్టు (రక్తానికి కొత్త దారిగా కుట్టే నాళం) గురించి పెద్దగా చర్చ ఉండదు. రొమ్ము ఎముక వెనకున్న ఎడమ మామరీ ధమనిని తెచ్చి ఎల్‌ఏడీకి (గుండె ముందువైపున్న ముఖ్యమైన కరోనరీ ధమనికి) కుడతారు. రెండో గ్రాఫ్టుకూ మూడో గ్రాఫ్టుకూ ఏం వాడాలన్న దగ్గరే ఆలోచించాలి. కాలి సిర పొడవుగా దొరుకుతుంది, తీయడమూ తేలిక, కానీ ఏళ్లు గడిచేకొద్దీ మూసుకుపోయే గుణం దానికి ఎక్కువ. ముంజేతిలోని రేడియల్ ధమని అంతకంటే మన్నుతుంది. 6 రాండమైజ్డ్ ట్రయల్స్‌లోని 1,036 మంది వివరాలను కలిపి చేసిన విశ్లేషణ 2018లో వచ్చింది. సగటున 5 ఏళ్ల పరిశీలనలో, సిర పెట్టినవాళ్లకంటే రేడియల్ పెట్టినవాళ్లలో గుండెపోట్లూ, మళ్లీ స్టెంటో బైపాసో అవసరమవడమూ తక్కువగా కనిపించాయి.

ఈ ధమనిని పాత పద్ధతిలో తీయాలంటే మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం కోయాలి. ఎండోస్కోపుతో అయితే మణికట్టు దగ్గర రెండున్నర సెంటీమీటర్ల కోత, మోచేయి కింద అర సెంటీమీటరు గాటు చాలు. నొప్పి తగ్గుతుంది, గాయం తొందరగా మానుతుంది, చేతి మీద పొడుగాటి మచ్చ మిగలదు. అయితే ఒక మాట మొదటే మనసులో పెట్టుకోండి. పేషెంటుకు పదేళ్లు పనికొచ్చేది చిన్న కోత కాదు, లోపలి పొర చెక్కుచెదరని నాళం. కోత చిన్నగా ఉంచాలన్న పంతంతో ధమనిని లాగి, కాల్చి, నలిపి బయటికి తెస్తే ఆ ఆపరేషన్ వల్ల పేషెంటుకు నష్టమే.

దీనికి చరిత్రే సాక్ష్యం. 1970ల మొదట్లో పారిస్‌లో అలాన్ కార్పెంటియర్ రేడియల్ ధమనిని బైపాస్‌కు వాడడం మొదలుపెట్టారు. చాలా గ్రాఫ్టులు తొందరగా మూసుకుపోవడంతో పద్ధతిని వదిలేశారు. స్పాజమ్ (నాళం గట్టిగా ముడుచుకుపోవడం) వదిలించడానికి ఆ రోజుల్లో నాళంలోకి లోహపు ప్రోబులు దూర్చి వెడల్పు చేసేవారు. దాంతో లోపలి పొర చిరిగిపోయేది. అప్పట్లో పెట్టిన గ్రాఫ్టుల్లో కొన్ని చాలా ఏళ్ల తర్వాత కూడా చక్కగా తెరుచుకునే ఉన్నాయని తేలాక, క్రిస్టోఫ్ ఆకార్ బృందం 1989లో మళ్లీ మొదలుపెట్టి 1992లో ఫలితాలు ప్రచురించింది. ఈసారి ప్రోబులు మానేశారు, ధమనిని చుట్టూ ఉన్న కణజాలంతో సహా తీశారు, స్పాజమ్ తగ్గించే మందులు వాడారు. అప్పుడూ ఇప్పుడూ ధమని అదే. దాన్ని పట్టుకున్న తీరు మారింది.

ఇక్కడ రాసింది కార్డియాక్ సర్జరీ ట్రైనీలకూ, హార్వెస్ట్ (గ్రాఫ్టు నాళాన్ని తీయడం) నేర్చుకుంటున్న ఫిజీషియన్ అసిస్టెంట్లకూ, వాళ్ల పక్కన నిలబడే స్క్రబ్ నర్సులకూ. అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉండగానే చేయాల్సిన పని ఇది. కాలి సిరను ఎండోస్కోపుతో తీయడం చేతికి బాగా అలవాటయ్యాకే ధమని జోలికి రండి.

ఎవరికి తీయకూడదు

కత్తి పట్టకముందే సగం పని ఇక్కడ అయిపోతుంది. మొదట యాంజియోగ్రామ్ చూడండి. రేడియల్ గ్రాఫ్టు పెట్టబోయే కరోనరీలో (గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనిలో) అడ్డంకి తీవ్రంగా ఉండాలి. ఎడమవైపు నాళాల్లో కనీసం 70 శాతం, కుడి కరోనరీలో 90 శాతం దాటి ఉంటేనే మంచిది. అసలు నాళంలో రక్తం ఇంకా ధారాళంగా పోతుంటే గ్రాఫ్టులో ప్రవాహానికి పోటీ వస్తుంది. మందపాటి కండర పొర ఉన్న రేడియల్ ధమని అలాంటప్పుడు ముడుచుకుని, దారంలా సన్నబడిపోతుంది. దాన్ని ఎంత అందంగా తీసినా దండగే.

ఆ యాంజియోగ్రామ్ ఏ చేతి నుంచి చేశారో అడగండి. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో కుడి మణికట్టు నుంచే చేస్తున్నారు. షీత్ (యాంజియోగ్రామ్‌కు పెట్టే గొట్టం) దూరిన ధమని లోపలి పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఆ చేతిని వదిలేయడమే మేలు. కేస్ షీట్‌లో రాయకపోతే పేషెంటునే అడగండి, మణికట్టు మీద గుచ్చిన గుర్తు కోసం చూడండి.

కిడ్నీ సంగతి మరిచిపోవద్దు. క్రియాటినిన్ ఎక్కువగా ఉండి రేపోమాపో డయాలిసిస్ పడేలా ఉన్న మనిషికి ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపే దారి) పెట్టడానికి ఇదే ధమని కావాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే పేషెంట్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలిసిందే. ఒకసారి మామూలుగా వచ్చిన క్రియాటినిన్ చూసి సరిపెట్టుకోకుండా ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) లెక్కకట్టి, యూరిన్‌లో ప్రొటీన్ పోతోందేమో చూసి నిర్ణయించండి.

చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారే రేనాడ్స్ ఉన్నవాళ్లు, చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా ఉన్నవాళ్లు, ముంజేతికి పాత ఫ్రాక్చరో లోతైన గాయమో ఉన్నవాళ్లు కూడా దీనికి పనికిరారు.

చేతిని పరీక్షించడం

రేడియల్‌ను తీసేస్తే చెయ్యంతా చిటికెనవేలి వైపున్న అల్నార్ ధమని మీద బతకాలి. అది బతికించగలదో లేదో తేల్చుకోవడానికే అలెన్ పరీక్ష. పేషెంటును పిడికిలి నాలుగైదుసార్లు గట్టిగా బిగించి వదలమనండి. పిడికిలి బిగించి ఉండగా రెండు ధమనులనూ మీ బొటనవేళ్లతో నొక్కిపట్టండి. చెయ్యి తెరిచాక అరచేయి పాలిపోయి కనిపించాలి. ఇప్పుడు అల్నార్ వైపు మాత్రమే వదలండి. 5, 6 సెకన్లలో అరచేయంతా, ముఖ్యంగా బొటనవేలి మొదలు ఎర్రబడితే మంచిది. 10 సెకన్లు దాటితే ఆ చెయ్యి ముట్టుకోకండి. తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే పేషెంటు వేళ్లను వెనక్కి విరిచినట్టు బిగబట్టి తెరవడం. అలా తెరిస్తే బాగున్న చెయ్యి కూడా పాలిపోయే కనిపిస్తుంది. వేళ్లు కాస్త వదులుగా, సహజంగా తెరవమనండి.

చామనఛాయ, నలుపు అరచేతుల్లో రంగు మార్పు కంటితో పట్టడం కష్టం. అందుకని కంటి మీదే ఆధారపడకుండా బొటనవేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించి, రేడియల్‌ను నొక్కి, తెర మీద అల చూడండి. అల తగ్గకుండా ఉన్నా, కాస్త తగ్గి నిలబడినా ఫర్వాలేదు. పూర్తిగా పోయి 2 నిమిషాలైనా తిరిగి రాకపోతే ఆ చెయ్యి వద్దు. పోయి నెమ్మదిగా వచ్చిన చేతినీ వదిలేయడమే మా సలహా, వేరే గ్రాఫ్టుకు దారి ఉన్నప్పుడు. గోళ్లరంగు ఉంటే తుడిపించండి. ముదురు గోరింటాకు ఉన్న గోరు మీద ప్రోబు సరిగ్గా చదవకపోవచ్చు కాబట్టి పండని వేలు ఏదైనా ఉంటే దానికి పెట్టండి.

ఆ తర్వాత అల్ట్రాసౌండ్. ధమని లోపలి వెడల్పు 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గోడలో కాల్షియం మెరుపులు ఉన్నాయా, అల్నార్ బాగుందా, రేడియల్ ఎక్కడ మొదలవుతోందో చూడాలి. కొందరిలో అది మోచేయి కింద కాక పైచేతిలోనే విడిపోతుంది. షుగర్ పేషెంట్లలో కాల్షియం కోసం ప్రత్యేకంగా వెతకండి. నాడి బాగా కొట్టుకుంటున్నా గోడ గట్టిబడి ఉండొచ్చు.

మామూలుగా పనికి ఎక్కువగా వాడని చేతినే ఎంచుకుంటారు. "ఏ చేత్తో పని చేస్తారండీ?" అని అడిగి ఊరుకోవద్దు. "పెద్దాయనా, కొడవలి ఏ చేత్తో పడతారు? అమ్మా, కుట్టుమిషన్ దగ్గర గుడ్డను ఏ చేత్తో నడుపుతారు?" అని అడిగితే అసలు విషయం తెలుస్తుంది. బొటనవేలి వెనక కొన్నాళ్లు మొద్దుబారొచ్చని ముందే చెప్పండి. సన్నని పని చేసే చేతికి ఆ మొద్దుబారడం పెద్ద ఇబ్బంది.

ముందురోజు వార్డులో

ఎంచుకున్న చేతి మీద మార్కరుతో పెద్దగా గుర్తు పెట్టి, ఆ చేతికి సూది, క్యాన్యులా, బీపీ పట్టీ ఏవీ వద్దని నర్సింగ్ స్టేషన్‌లోనూ కేస్ షీట్‌లోనూ రాయండి. అనస్థీషియా డాక్టరుకు స్వయంగా చెప్పండి. ఆర్టీరియల్ లైన్ (బీపీ చూడడానికి ధమనిలో పెట్టే గొట్టం) రెండో చేతికో తొడలోని ఫెమోరల్‌కో వెళ్లాలి. ఉదయం హడావుడిలో అలవాటు ప్రకారం ఎడమ మణికట్టులో లైన్ పెట్టేస్తే అనుకున్నదంతా అక్కడే ఆగిపోతుంది. ఉంగరాలు, గాజులు, కడియం, మణికట్టు తాళ్లు తీయించండి. వేలికి బిగుసుకుపోయిన ఉంగరం ఉంటే ఆ రాత్రే సబ్బునీళ్లతోనో కట్టర్‌తోనో తీయించాలి. ఆపరేషన్ తర్వాత చెయ్యి కొద్దిగా ఉబ్బుతుంది.

ఓటీలో అమరిక

చేతిని ఆర్మ్ బోర్డు మీద అరచేయి పైకి ఉండేలా చాపండి. భుజం దగ్గర కోణం 90 డిగ్రీలు దాటితే బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నరాల గుంపు) సాగుతుంది. మణికట్టు కింద మడిచిన టవల్ పెట్టి కొద్దిగా మాత్రమే వెనక్కి వంచండి. వేలి చివర నుంచి చంక దాకా శుభ్రం చేసి, పైచేతికి మెత్తని ప్యాడింగ్ మీద స్టెరైల్ టార్నికే (రక్తప్రవాహాన్ని ఆపే పట్టీ) కట్టండి. పల్స్ ఆక్సిమీటర్ ప్రోబును అదే చేతి బొటనవేలికో చూపుడువేలికో పెట్టి, చెయ్యి మీద స్టెరైల్ గ్లవ్ తొడిగితే ఆపరేషన్ అంతా అల కనిపిస్తూనే ఉంటుంది.

ఎడమ చెయ్యి అయితే స్థలం గొడవ ఒకటి ఉంటుంది. అదే సమయంలో సర్జన్ ఎడమ మామరీ తీస్తుంటారు, మీరు ఇద్దరూ ఒకే వైపు చేరతారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, మానిటర్ ఎక్కడ పెట్టాలి, కాటరీ (వేడితో కాల్చే పరికరం) వైర్లు ఎటు పోవాలి అన్నది డ్రేపింగ్‌కు ముందే మాట్లాడుకోండి. మానిటర్ మీకు సూటిగా ఎదురుగా, కంటి ఎత్తులో ఉండాలి. పక్కకు తిరిగి చూస్తూ చేసే డిసెక్షన్‌లో చెయ్యి తెలియకుండానే ఒక పక్కకు వాలిపోతుంది.

ట్రాలీ మీద ఉండాల్సినవి: కోన్ ఆకారపు మొనతో డిసెక్టర్, కొమ్మలు కోసే పరికరం, 5 లేదా 7 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ (మీ కిట్టుకు సరిపోయేది), కార్బన్ డయాక్సైడ్ ట్యూబు, ఎస్మార్క్ పట్టీ, మెత్తని బుల్‌డాగ్ క్లాంపు, చిన్న టైటానియం క్లిప్పులు, వాస్క్యులర్ లూపు, మస్కిటో ఫోర్సెప్స్, 2-0 సిల్క్, 7-0, 8-0 పాలీప్రొపైలీన్. ఓపెన్ పద్ధతికి మారడానికి కావలసిన సామానూ అదే ట్రాలీ మీద సిద్ధంగా ఉండాలి, అల్మారాలో కాదు. కిట్టు ఖరీదైనదని ఒకసారి వాడాల్సినదాన్ని మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దవడలు సరిగా మూసుకోని పరికరంతో ధమని కొమ్మలు కోయడం కంటే పొడుగు కోతతో ఓపెన్‌గా తీయడం ఎంతో సురక్షితం. కిట్టుకు డబ్బు చాలకపోతే పేషెంటుకు ఆ మాట చెప్పి ఓపెన్‌గానే తీయండి.

మణికట్టు కోత

మణికట్టు ముడతకు ఒక సెంటీమీటరు పైన మొదలుపెట్టి, నాడి మీదుగా పైకి రెండున్నర సెంటీమీటర్ల నిలువు కోత పెట్టండి. చర్మం పలచన కాబట్టి బ్లేడు భారం దించొద్దు. ఫేషియా (కండరాలను కప్పే పొర) తెరవగానే ధమని, దానికి అటూ ఇటూ అంటుకుని రెండు సన్నని సిరలు కనిపిస్తాయి. ఈ మూడింటినీ కలిపి ఒకే కట్టగా తీయాలి. విడగొట్టి ధమనిని ఒంటరిని చేయొద్దు. ఫోర్సెప్స్‌తో పట్టుకోవాల్సి వస్తే పక్క సిరనో చుట్టూ ఉన్న కొవ్వునో పట్టుకోండి, ధమనిని ఎప్పుడూ వద్దు. మూడు నాలుగు సెంటీమీటర్ల మేర నేరుగా చూస్తూ విడదీసి, కనిపించిన చిన్న కొమ్మలకు క్లిప్పు వేయండి. కింద వాస్క్యులర్ లూపు ఒక్క చుట్టు వేయండి, బిగించకండి.

ఇప్పుడు, టార్నికే ఇంకా ఎక్కించకముందే, ధమని మీద మెత్తని బుల్‌డాగ్ పెట్టండి. క్లాంపుకు కింద, వేళ్ల వైపు వేలితో తాకితే నాడి కొట్టుకోవాలి. అల్నార్ నుంచి అరచేతి వంపు మీదుగా రక్తం వెనక్కి వస్తోందని అర్థం. తెర మీద బొటనవేలి అల నిలబడాలి. రెండింట్లో ఏది లేకపోయినా అక్కడితో ఆపి కోత కుట్టేయండి. వార్డులో ఎన్ని పరీక్షలు పాసైనా ఈ పరీక్షదే చివరి మాట.

టార్నికే, గ్యాసు

కోత మీద గాజ్ గుడ్డ కప్పి, చేతిని పైకెత్తి, ఎస్మార్క్ పట్టీని వేళ్ల నుంచి పైకి చుట్టుకుంటూ వచ్చి రక్తం ఖాళీ చేయండి. తర్వాత టార్నికేను సిస్టోలిక్ ప్రెషర్ కంటే 75 నుంచి 100 ఎక్కువకు, మామూలుగా 200 మిల్లీమీటర్ల (పాదరసం) దగ్గరకు ఎక్కించండి. చాలా యూనిట్లలో దీనికి ముందు కొద్దిగా హెపారిన్, 2,500 నుంచి 5,000 యూనిట్లు, ఇస్తారు. నిలిచిన రక్తం నాళంలో గడ్డకట్టకుండా ఉండడానికి అది. అయితే ఇవ్వాలో వద్దో సర్జన్, అనస్థీషియా డాక్టరు కలిసి చెప్పాలి. టార్నికే ఎక్కిన సమయం బోర్డు మీద రాయించండి. 30, 45 నిమిషాలకు నర్సు గట్టిగా చెప్పాలి. గంట లోపు దించేయడం లక్ష్యం.

పోర్టు పెట్టి దాని బెలూన్‌ను గ్యాసు బయటికి రానంత మేరకే నింపండి. మణికట్టు ఇరుకు, బెలూన్ ఎక్కువ ఉబ్బితే కింద నరాన్నీ ధమనినీ అదిమేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ నిమిషానికి 3 నుంచి 5 లీటర్లు, ఒత్తిడి 10 నుంచి 12 మిల్లీమీటర్లు. అంతకు మించితే సొరంగం పెద్దదవదు, గ్యాసు చర్మం కింద పాకుతుంది.

సొరంగం

తెర మీద ఏం కనిపిస్తుందో ముందే తెలియాలి. రక్తం ఖాళీ అయిన ధమని కొట్టుకోదు, నీళ్లు లేని రబ్బరు గొట్టంలా చప్పబడి ఉంటుంది. పక్క సిరలు ఊదారంగు పోయి పలచని పట్టీల్లా మారతాయి. కొత్తవాళ్లు ఇక్కడే దారి తప్పి కండర ఫేషియా వెంట వెళ్లిపోతారు. రెండు పలచని పట్టీల మధ్య తెల్లని గీత తెర మధ్యలో ఉందా అన్నదే మీ దిక్సూచి. అది పక్కకు జరిగితే ముందుకు తోయడం మాని, వెనక్కి వచ్చి మళ్లీ దొరకబుచ్చుకోండి.

మొదట ధమని ముందువైపు, అంటే చర్మం వైపు, కోన్ మొనను ధమనికి సమాంతరంగా ఉంచి నెమ్మదిగా నడపండి. మొన ధమని వైపు వాలకూడదు. మోచేయి ముడతకు రెండు మూడు సెంటీమీటర్లు ఉందనగా ఆగండి. తర్వాత వెనకవైపు, ఆపైన రెండు పక్కలు. ఎక్కడైనా మొన అడ్డుపడితే అక్కడ కొమ్మ ఉందని లెక్క. తోస్తే అది ధమని మొదలు దగ్గరే తెగుతుంది. వెనక్కి లాగి, కొమ్మకు అటో ఇటో ఖాళీ చేసుకుంటూ పోవాలి. కండరాల్లోకి పోయే కొమ్మలు వెనకవైపే ఎక్కువ, కాబట్టి ముందువైపు సులువుగా అయిందని వెనక తొందర పడొద్దు.

బొటనవేలి వైపు బ్రేకియోరేడియాలిస్ కండరం అంచున ఉంటుంది. దాని కింద, ముంజేతి మధ్య మూడోవంతులో, ధమనికి దగ్గరగా రేడియల్ నరపు పైకొమ్మ నడుస్తుంది. తెల్లగా మెరిసే పట్టీలా కనబడుతుంది. దాని మీద కొవ్వు పొరను ఒలవకండి, దానికి ఆనుకుని కాటరీ వాడకండి. బొటనవేలి వెనక మొద్దుబారడానికి ప్రధాన కారణం ఆ నరానికి వేడి తగలడమో సాగడమో.

సొరంగం ఇరుకుగా అనిపిస్తే బ్రేకియోరేడియాలిస్‌కూ ఫ్లెక్సర్ కార్పి రేడియాలిస్‌కూ మధ్యనున్న ఫేషియాను పరికరంతో పొడవునా కోయండి. దీంతో చోటు పెరుగుతుంది, తర్వాత ముంజేతిలో ఒత్తిడి చేరకుండానూ ఉంటుంది. మేమైతే ఇరుకు ఉన్నా లేకపోయినా కోయాలనే చెబుతాం.

కొమ్మలు కోయడం

ధమని కొమ్మను ధమనికి కనీసం 2 మిల్లీమీటర్ల దూరంలో, వీలైతే ఇంకా దూరంలో పట్టాలి. దవడల్లో వేడి పుట్టే ముఖం ధమనికి అవతలివైపు ఉండాలి. పట్టుకునే ముందు పరికరాన్ని తిప్పి చూసుకోండి. దవడలు మూసి, ఎనర్జీ ఇచ్చి, కణజాలం తెల్లబడి ముడుచుకుని, దానంతట అదే విడిపోయేదాకా ఆగండి. సగంలో లాగితే కొమ్మ మొదలు చిరిగి ధమని గోడలో రంధ్రం పడుతుంది. తర్వాత దానికి వేసే కుట్టు గ్రాఫ్టును అక్కడే సన్నబరుస్తుంది.

పొగ చేరి మసకబారితే గుడ్డిగా ముందుకు పోవద్దు. కొద్దిసేపు గ్యాసు బయటికి వదిలి మళ్లీ నింపండి. దవడలకు మాడిన కణజాలం అంటుకుంటే తీసి తడి గుడ్డతో తుడవండి. అది అంటుకుని ఉన్నంతసేపూ సీలు సరిగ్గా పడదు, పైగా వేడి పక్కలకు పాకుతుంది.

కొమ్మలన్నీ అయ్యాక క్రేడిల్‌ను (పరికరం చివర నాళాన్ని పట్టి ఉంచే భాగాన్ని) ధమని పొడవునా ఒకసారి పైకీ కిందికీ నడిపి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ కొమ్మ మిగిలింది. ఆగినచోట లాగొద్దు.

ఎప్పుడు ఓపెన్‌కు మారాలి? రక్తం వల్ల తెర ఎర్రబడి రెండోసారి కడిగినా కనిపించకపోతే, ధమని గోడలో నీలం మచ్చ పెరుగుతుంటే, టార్నికే గంటకు దగ్గరపడుతున్నా పై చివర ఇంకా చేరకపోతే. మారడం వల్ల పేషెంటుకు మిగిలేది ఒక మచ్చ, అంతే.

పై చివర

ఇక్కడ తప్పు జరిగితే చెయ్యే పోవచ్చు. మోచేయి ముడతకు ఒక సెంటీమీటరు కింద బ్రేకియల్ ధమని రేడియల్, అల్నార్‌గా చీలుతుంది. దానికి కొద్ది కిందే రేడియల్ నుంచి రికరెంట్ కొమ్మ పైకి తిరుగుతుంది, పక్కనే సిరల గుంపు కనిపిస్తుంది. ఈ రెండూ కనిపించగానే ఆగాలి. రికరెంట్ కొమ్మను వదిలేసి దాని కింద నుంచే తీసుకోవాలి. ఇంకో సెంటీమీటరు పొడవు కోసం గట్టిగా లాగితే చీలిక చోటు కూడా కిందికి సాగి వస్తుంది, మీరు క్లాంపు వేసేది అల్నార్ మీదో బ్రేకియల్ మీదో కావచ్చు. పెద్దవాళ్లలో ఇలా ఆగినా సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్లు వస్తుంది.

గ్యాసు ఆపి, సొరంగంలోది వదిలేశాకే టార్నికే దించండి. గ్యాసు ఒత్తిడి ఉండగా దించితే, తెగిన సిరల్లోంచి అది రక్తంలోకి పోయే దారి తెరిచినట్టవుతుంది. టార్నికే దిగాక ధమనిలో వెచ్చని రక్తాన్ని కొన్ని నిమిషాలు ఆడనివ్వండి. ఎక్కడ కారుతోందో తెలుస్తుంది, స్పాజమూ కొంత వదులుతుంది. బొటనవేలి అల తిరిగి వచ్చిందో లేదో చూడండి.

ఆ తర్వాత ఎండోస్కోపును పై చివరకు తీసుకెళ్లి, బయటి నుంచి వేలితో చర్మం నొక్కండి. లోపల తెర మీద నొక్కు పడిన చోట, అర సెంటీమీటరు గాటు పెట్టండి. మస్కిటోను స్కోపు చూస్తుండగానే లోపలికి పంపి, ధమనిని పట్టి బయటికి తెచ్చి, అది రేడియలే అని, అల్నార్ కలిసి రాలేదని కళ్లతో చూసుకున్నాకే 2-0 సిల్క్‌తో రెండు ముడులు వేసి, వాటి కింద కోయండి. తర్వాత మణికట్టు చివర కట్టి, కోసి, నాళాన్ని మణికట్టు కోత నుంచి నెమ్మదిగా బయటికి తీయండి.

బయటికి వచ్చాక

ధమని ఎండిపోకూడదు, చల్లబడకూడదు. చల్లని సెలైన్‌లో పడేస్తే వెంటనే ముడుచుకుంటుంది. చాలాచోట్ల వాడే వెరపమిల్-నైట్రోగ్లిజరిన్ ద్రావణం ఇలా కలుపుతారు: రింగర్ ద్రావణం 300 మిల్లీలీటర్లు, వెరపమిల్ 5 మిల్లీగ్రాములు, నైట్రోగ్లిజరిన్ 2.5 మిల్లీగ్రాములు, హెపారిన్ 500 యూనిట్లు, 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ 0.2 మిల్లీలీటరు. బైకార్బొనేట్ చుక్కలే కదా అని వదలొద్దు. ద్రావణం పీహెచ్ (ఆమ్లత కొలత) రక్తానికి దగ్గరగా, 7.4 వద్ద, ఉండేది దానివల్లే. పాపవరిన్ వాడే యూనిట్లలో దాన్ని పేషెంటు హెపారిన్ రక్తంలో కలిపి వాడాలి. సెలైన్‌లో కలిపిన పాపవరిన్ ఆమ్లంగా ఉండి లోపలి పొరను దెబ్బతీస్తుంది, రింగర్ లాక్టేట్‌లో కలిపితే తెల్లగా విరుగుతుంది.

మొద్దు మొన క్యాన్యులాతో ద్రావణాన్ని మెల్లగా పంపండి. చిన్న సిరంజిని బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపల పుట్టే ఒత్తిడి మీరు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. నాళం వెడల్పు కావాలని నొక్కడమంటే పారిస్‌లో మానేసిన ప్రోబు పనిని నీళ్లతో చేయడమే. స్పాజమ్‌ను వదిలించాల్సింది మందే, దానికి 15, 20 నిమిషాలు సమయం ఇవ్వండి. కారుతున్న కొమ్మలకు చిన్న క్లిప్పు, గోడలో చిల్లు పడితే 8-0తో ఒక్క కుట్టు. గోడలో రక్తం చేరి నీలం మచ్చ ఉన్న ముక్కను కత్తిరించి పారేయండి. ధమనిలో కవాటాలు ఉండవు కాబట్టి ఎటు తిప్పినా రక్తం పోతుంది, కానీ వెడల్పు చివర ఏదో సర్జన్‌కు తెలియాలి. పై చివరకు క్లిప్పుతో గుర్తు పెట్టండి.

చెయ్యి మూయడం

బైపాస్‌కు పూర్తి మోతాదు హెపారిన్ ఇంకా పడాల్సి ఉంది. ఇప్పుడు పొడిగా కనిపించే సొరంగం అప్పుడు కారుతుంది. అందుకని సన్నని సక్షన్ డ్రెయిన్ పెట్టి మూయండి, లేదా తడి గుడ్డ కప్పి ఉంచి ప్రోటమిన్ (హెపారిన్ ప్రభావాన్ని తీసేసే మందు) తర్వాత మూయండి. లోపలి ఫేషియాను మాత్రం ఎప్పటికీ కుట్టొద్దు. చర్మం కింద కరిగే దారం, చర్మానికి లోపలి కుట్టు చాలు. సాగే పట్టీని అరచేతి నుంచి మోచేయి దాకా సమంగా చుట్టి, వేలి చివరలు మాత్రం బయట ఉంచండి. చుట్టాక గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే పట్టీ విప్పి మళ్లీ చుట్టండి.

ఐసీయూలో

మొదటి 24 గంటలు గంటకోసారి వేళ్ల రంగు, వెచ్చదనం, గోరు నొక్కితే ఎరుపు తిరిగొచ్చే వేగం రాయాలి. చెయ్యి దిండు మీద గుండె ఎత్తులో ఉండాలి. పేషెంటు మెలకువలో ఉంటే వేళ్లను మీరే మెల్లగా చాపి చూడండి. అప్పుడు విపరీతమైన నొప్పి వస్తే ముంజేతిలో ఒత్తిడి చేరుతోందని అనుమానించాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి నొప్పి చెప్పలేడు కదా, అక్కడ మీ వేళ్లే సాక్ష్యం: పట్టీ మీదుగా ముంజేయి చెక్కలా గట్టిగా తగిలితే, నాడి ఉందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. ఇలా ఒత్తిడి చేరే కాంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌లో నాడి చివరిదాకా ఉండొచ్చు. పట్టీ కత్తిరించండి, మణికట్టు కుట్లు తెరవండి, సర్జన్‌ను పిలవండి.

స్పాజమ్ రాకుండా ఆపరేషన్ సమయంలోనే నైట్రోగ్లిజరిన్‌నో డిల్టియాజెమ్‌నో ఇన్‌ఫ్యూజన్‌గా మొదలుపెట్టి, నోటితో తీసుకోగలిగాక డిల్టియాజెమ్‌కో అమ్లోడిపిన్‌కో మారుస్తారు. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాది కాల్షియం చానల్ బ్లాకర్ ఇవ్వడం సమంజసమని 2021 అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ పడిపోయి నారడ్రినలిన్ పెంచాల్సి వస్తే, ఆ మందు రేడియల్ గ్రాఫ్టును కూడా ముడుస్తుందని గుర్తుంచుకుని ఈసీజీ మీద కన్నేసి ఉంచండి.

ఇంటికి పంపేటప్పుడు

బొటనవేలి వెనక మొద్దుబారడం, చీమలు పాకినట్టుండడం చాలామందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతుందని పేషెంటుకూ ఇంట్లోవాళ్లకూ చెప్పండి. వేళ్లు చల్లబడి తెల్లబడినా, పని చేస్తుంటే చెయ్యి నొప్పి పుట్టి ఆపితే తగ్గుతున్నా, కోత నుంచి చీము కారినా ఆ రోజే రావాలని చెప్పండి. బీపీకి ఇచ్చారనుకుని అమ్లోడిపిన్ మానేసేవాళ్లు ఉంటారు. అది చేతి నుంచి తీసిన రక్తనాళం ముడుచుకోకుండా ఇచ్చిన మందని తెలుగులో రాసి ఇవ్వండి. డిశ్చార్జి కాగితం మీద ఎర్ర ఇంకుతో ఇంకొక్క వాక్యం ఉండాలి: ఈ చేతిలో రేడియల్ ధమని లేదు, ఈ మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేయొద్దు, ఈ చేతి అల్నార్ ధమనిని గుచ్చొద్దు.